గాలం ఎవరి చేతిలో ఉంటే లైసెన్సు వాళ్ళకి

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. టెక్సస్ వచ్చి ఆరేళ్ళయింది. అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలు. నాన్నకి అరవై ఏడేళ్ళు. మాది కోనసీమ. కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చుంటే ఆయనకి తిండీ నిద్రా గుర్తుండవు. ఇంట్లో విసుగెత్తిపోతున్నారని కిందటి ఆదివారం దగ్గర్లోని లేక్‌కి తీసుకెళ్ళాను. నాకు లైసెన్సు ఉంది కదా, చాలనుకున్నాను. కార్లోంచి నీళ్ళ సీసా తెచ్చేలోగా నాన్న చేతిలో గాలం, ఎదురుగా గేమ్ వార్డెన్ (వేట రూల్స్ చూసే అధికారి). జరిమానా వెయ్యలేదు, హెచ్చరించి వదిలేశాడు. నాన్న మాత్రం ఆ రోజు నుంచి "చేపక్కూడా పర్మిషనేంట్రా, నేనింక రాను" అని భీష్మించుకున్నారు. పట్టిన చేపని వదిలేస్తే లైసెన్సు అక్కర్లేదని ఒక ఫ్రెండ్ అంటాడు. అరవై ఐదు దాటితే అక్కర్లేదని ఇంకొకాయన అంటాడు. జులై నాలుగుకి అందరం టెక్సోమా లేక్‌కి వెళ్దామని అనుకుంటున్నాం. ఓక్లహోమా నుంచి మా బావమరిది వస్తాడు, వాడికి ఇరవై ఎనిమిది. పాంటూన్ బోటు (అందరూ కూర్చునే చదును బల్లలాంటి మోటారు బోటు) అద్దెకి తీసుకుందామంటున్నాడు. నేను సేల్లో గాలి నింపే పడవ ఒకటి, దానికో చిన్న బ్యాటరీ మోటారు కొన్నాను. పిల్లలకి ఏడేళ్ళు, పన్నెండేళ్ళు. నాన్న ఊరి నుంచి విసురు వల కూడా సూట్‌కేసులో పెట్టుకొచ్చారు, ఏడు మూరల వల. రూల్స్ చదవబోతే తల తిరుగుతోంది. ఏం చెయ్యాలో చెప్పండి.

సమాధానం:

ముందు మీ నాన్నగారి సంగతి. అరవై ఏళ్ళు గాలం పట్టిన మనిషిని, నడుముకి తుపాకీ ఉన్న కుర్రాడెవడో వచ్చి కాగితం అడిగితే మనసు చివుక్కుమనదూ? కొడుకు ఎదురుగా, మనవల ఎదురుగా, అర్థం కాని భాషలో. ఆయనకి కోపం వచ్చింది చేప మీదా కాదు, దేశం మీదా కాదు. కాబట్టి రూల్స్ పుస్తకం తెరిచే ముందు, ఆయన్ని ఎవరూ ఏ కాగితమూ అడగని చోటుకి ఒకసారి తీసుకెళ్ళండి. అలాంటి చోట్లు టెక్సస్‌లోనే బోలెడున్నాయి.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీదో, చెక్క వంతెన మీదో నిలబడి చేపలు పట్టేవాళ్ళకి ఫిషింగ్ లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడివాళ్ళైనా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళైనా ఒకటే. పార్కు లోపలికి వెళ్ళే టికెట్టు కొంటే చాలు. మీకు దగ్గర్లో రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కు ఉంది. మీరు వెళ్దామనుకుంటున్న టెక్సోమా ఒడ్డునే డెనిసన్‌లో ఐజెన్‌హోవర్ స్టేట్ పార్కు ఉంది. ఐజెన్‌హోవర్ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1890లో. ఈ విషయం మీ నాన్నగారికి చెప్పండి, పెద్దవాళ్ళకి ఇలాంటివి బాగా గుర్తుంటాయి. చాలా పార్కుల్లో గాలం కర్రలు కూడా ఊరికే అరువిస్తారు. వేసవి వారాంతాల్లో పార్కులు నిండిపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, అందుకని ముందుగా ఆన్‌లైన్‌లో డే పాస్ తీసిపెట్టుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ మినహాయింపు లైసెన్సుకే. ఎన్ని చేపలు, ఎంత సైజు అనే రూల్స్ పార్కులోనూ ఉంటాయి. పైగా పార్కు గట్టు వదిలి పడవెక్కారా, మినహాయింపు అక్కడితో సరి.

ఇక మీ స్నేహితులు చెప్పిన మాటలు. పట్టి వదిలేస్తే లైసెన్సు అక్కర్లేదన్నది తప్పు. ఇక్కడి చట్టం దృష్టిలో పట్టడానికి ప్రయత్నించడం కూడా చేపల వేటే. గాలం నీళ్ళలో ఉందా, అది ఎవరి చేతిలో ఉంది, అంతే చూస్తారు. ముల్లుకి ఎర్ర గుచ్చి, మీరొచ్చేదాకా ఊరికే కర్ర పట్టుకు నిలబడినా వేటగాడి కిందే లెక్క. మీ లైసెన్సు మీకే. ఇంట్లో ఒకళ్ళకి ఉంటే అందరికీ వర్తించడానికి అది రేషన్ కార్డు కాదు. అలాగని పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళకి అక్కర్లేదు లెండి, మీ అమ్మగారు నిశ్చింతగా మడత కుర్చీ వేసుకోవచ్చు.

అరవై ఐదు దాటితే అక్కర్లేదన్న మాటలో ఒక ముక్క నిజముంది, అదీ మీకు వర్తించని ముక్క. టెక్సస్‌లో వయసు మీద పూర్తి మినహాయింపు 1931 జనవరి 1కి ముందు పుట్టినవాళ్ళకే. అరవై ఐదు దాటిన టెక్సస్ నివాసులకి లైసెన్సు చవగ్గా వస్తుంది, ఊరికే రాదు. పొరుగున ఓక్లహోమాలో ఉండే అరవై ఐదేళ్ళవాళ్ళకి మాత్రం టెక్సస్ నిజంగానే మినహాయింపు ఇస్తుంది. మీకు చెప్పినాయన ఎవరో ఓక్లహోమా పెద్దమనిషి దగ్గర ఈ మాట విని ఉంటాడు. అమలాపురం పెద్దమనిషికి అది పనికిరాదు.

పదిహేడేళ్ళ లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి మీ పిల్లలిద్దరి దిగుల్లేదు. మీరు ఆర్నెల్లకి మించి ఇక్కడే ఉంటున్నారు కనుక టెక్సస్ నివాసి లెక్కలోకొస్తారు. మంచినీటి లైసెన్సు మీకు 30 డాలర్లు. మీ నాన్నగారు బయటివారు, ఆయనకి అదే లైసెన్సు 58 డాలర్లు. కొనేయకండి, ఆగండి. ఇక్కడ లైసెన్సు సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. జులైలో కొన్నా ఆగస్టు ఆఖరుకి అయిపోతుంది. రెండు నెలల కోసం 58 దండగ. ఒక్కరోజు లైసెన్సు బయటివాళ్ళకి 16 డాలర్లకే వస్తుంది. మీ దాని మీద తేదీ కూడా ఓసారి చూసుకోండి. చాలామంది సెప్టెంబర్ మొదటి వారంలో పాత లైసెన్సుతో దొరికిపోతుంటారు.

అయితే మీరు వెళ్ళేది టెక్సోమాకి కనుక ఇంకా మంచి దారి ఉంది. ఆ లేక్ కొంత టెక్సస్‌ది, కొంత ఓక్లహోమాది. రెండు రాష్ట్రాల మధ్య గీత మ్యాపు మీదే తప్ప నీళ్ళ మీద కనిపించదు. టెక్సస్ లైసెన్సు టెక్సస్ వైపే చెల్లుతుంది. గాలికి పడవ అటు కొట్టుకుపోయి, అక్కడ గాలం వేస్తే అది ఓక్లహోమా వేట. ఈ తలనొప్పి లేకుండా టెక్సోమా లైసెన్సు అని విడిగా ఒకటి అమ్ముతారు, 12 డాలర్లు. దాంతో ఆ లేక్ రెండు వైపులా పట్టుకోవచ్చు, వేరే రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు, ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పనికొస్తుంది. నాన్నగారికి అది తీసుకోండి. మీరూ, మీ బావమరిదీ కూడా తీసుకుంటే ఆ రోజు ఎవరు ఏ వైపు ఉన్నామన్న బెంగ ఉండదు. స్పోర్ట్స్ సామాన్ల షాపు కౌంటర్లో ఇస్తారు, నాన్నగారి పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. కాగితం తడిసిపోతుందని భయపడక్కర్లేదు, ఫోన్లో ఫోటో చూపించినా వార్డెన్ ఒప్పుకుంటాడు.

మీకు తల తిరుగుతోందన్నది ఎక్కడో నాకు తెలుసు. రాష్ట్రానికంతా ఒక రూలు ఉంటుంది, లేక్‌కో రూలు ఉంటుంది. మీరు రాష్ట్రం రూలు చదివి, హమ్మయ్య అనుకుని, వెళ్ళాల్సిన లేక్ పేరు వెతకరు. నేనైతే తిరగేసి చదువుతాను. ముందు లేక్ పేరు కొట్టి చూస్తాను, అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేకపోతేనే రాష్ట్రం రూలుకి వస్తాను. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ ఔట్‌డోర్ యాన్యువల్ యాప్ ఫోన్లో వేసుకుంటే సిగ్నల్ లేనిచోట కూడా తెరుచుకుంటుంది.

లార్జ్‌మౌత్ బాస్ అనే చేపనే చూడండి. రాష్ట్రమంతటా మామూలు రూలు పద్నాలుగు అంగుళాల పైనే ఉండాలి, మనిషికి రోజుకి ఐదు. అదే లేక్ ఫోర్క్‌కి వెళ్తే లెక్క తలకిందులు. పదహారు అంగుళాల నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్య చేపల్ని వదిలేయాలి, అంతకంటే చిన్నవి ఉంచుకోవచ్చు, ఇరవై నాలుగు, ఆ పైన ఒక్కటే. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపల్ని కాపాడుకోవడానికి పెట్టిన ఏర్పాటిది. ఇంటి పక్క పార్కుల్లోని చిన్న చెరువులకి ఇంకో పద్ధతి. ఊరి పరిధిలో డెబ్భై ఐదు ఎకరాలకి మించని పబ్లిక్ చెరువైతే క్యాట్‌ఫిష్ రోజుకి ఐదే, మనిషికి రెండు గాలాలకి మించకూడదు. బయట పెద్ద లేకుల్లో ఛానెల్, బ్లూ క్యాట్‌ఫిష్ కలిపి ఇరవై ఐదు దాకా పట్టుకోవచ్చు, అందులో ఇరవై అంగుళాలు, ఆ పైవి పది మించకూడదు. మీ నాన్నగారికి క్యాట్‌ఫిష్ అంటే జెల్ల అని చెప్పండి. ఈ జెల్లలు మూరెడు మొదలుకుని మనిషంత దాకా ఉంటాయి, నమ్మరు, ఫోటో చూపించండి.

కొలవడం కూడా నేర్చుకోండి. మన పద్ధతిలో జానలు వేసి "బారెడుంది" అంటే ఇక్కడ కుదరదు. చేప నోరు మూసి, ముక్కు చివర నుంచి తోక చివర దాకా, తోక రెక్కలు రెండూ దగ్గరికి నొక్కి, చదునైన బల్ల మీద కొలవాలి. టేపుని చేప పొట్ట మీదుగా వంపు తిప్పితే అరంగుళం ఎక్కువొస్తుంది, వార్డెన్ కొలిస్తే ఆ అరంగుళమే కొంప ముంచుతుంది. తక్కువ సైజు చేప పడితే అప్పటికప్పుడు నీళ్ళలో వదలాలి. "పోయేటప్పుడు చూద్దాంలే" అని బకెట్లో ఉంచడం కూడా తప్పే.

టెక్సోమాలో మీరు వెంటపడేది స్ట్రైపర్. ఈ చేప కథ చెప్తే మీ నాన్నగారు మళ్ళీ రానని అనరు. స్ట్రైపర్, అంటే స్ట్రైప్డ్ బాస్, అసలు సముద్రపు చేప. అట్లాంటిక్‌లో తిరిగి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. అచ్చం మన పులస పద్ధతి. దాని గుడ్లు అడుక్కి చేరితే పాడైపోతాయి, పొదగబడేదాకా పారే నీటిలో తేలుతూ ఉండాలి. అందుకే చాలా లేకుల్లో అది సొంతంగా పెరగదు, ప్రభుత్వం పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. రెడ్ రివర్ మీద 1944లో డెనిసన్ డ్యామ్ కట్టాక ఏర్పడ్డ టెక్సోమాలో మాత్రం, 1965 నుంచి వదిలిన చేపలు రెడ్, వాషిటా నదుల్లోకి ఎదురెక్కి తమంతట తామే పెరగడం మొదలుపెట్టాయి. సముద్రం మొహం చూడని సముద్రపు చేప! వేరేచోట స్ట్రైపర్ పద్దెనిమిది అంగుళాలుండాలి, రోజుకి ఐదే. ఇక్కడ సంతతికి కొదవ లేదు కనుక రోజుకి పది, కనీస సైజు లేదు, కాకపోతే ఇరవై అంగుళాలు, ఆ పైవి రెండే.

ఈ పది ఎవరికి వారివే. పడవలో నలుగురున్నారు కనుక నలభై, నాన్న ఒక్కరే ముప్ఫై పట్టినా పర్వాలేదు అనే లెక్క కుదరదు. ఆయన పది నిండాక గాలం పక్కన పెట్టి చూస్తూ కూర్చోవలసిందే, అది ఆయనకి శిక్షే అనుకోండి. వేరేవాళ్ళు పట్టిన చేపలు మీ ఐస్‌బాక్సులో వేసుకుని వెళ్తుంటే, పట్టినవాళ్ళ పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, ఎన్ని, ఏ చేపలు, ఎక్కడ, ఏ తేదీన అని చిన్న చీటీ రాయించి సంతకం పెట్టించుకోండి. చేత్తో రాసిన చీటీ చాలు.

నేను జరిమానా కట్టింది ఈ స్ట్రైపర్ మూలానే. కొన్నేళ్ళ కిందట వేరే లేక్‌లో పదిహేను అంగుళాల చేప పడింది. ఒంటి మీద చారలు చూసి వైట్ బాస్ అనుకున్నాను. దానికి పది అంగుళాలుంటే చాలు. వార్డెన్ వచ్చి దాని నోట్లో బొటనవేలు పెట్టి, నన్నూ పెట్టి చూడమన్నాడు. నాలుక వెనక గరుకుగా రెండు పట్టీలు పక్కపక్కన తగిలాయి, సన్నటి ఉప్పుకాగితం ముక్కల్లా. వైట్ బాస్‌కి అక్కడ ఒక్క పట్టీ ఉంటుంది. అలాగే వైట్ బాస్ చారల్లో తోక దాకా వెళ్ళేది మహా అయితే ఒకటి, స్ట్రైపర్‌కి చాలా చారలు తెగకుండా తోక దాకా ఉంటాయి. నా చేతిలోది స్ట్రైపర్ పిల్ల. "తెలీదండీ" అన్నాను. ఆయన మర్యాదగా తలూపుతూనే టికెట్టు రాశాడు. ఇలాంటి చిన్న తప్పులకి ఇక్కడ జరిమానా 25 నుంచి 500 డాలర్ల దాకా ఉంటుంది, పైన చేప ఖరీదు కూడా రాష్ట్రానికి కట్టమనవచ్చు. అప్పటి నుంచి ఏ చారల చేప పడినా నా బొటనవేలు దాని నోట్లోకి వెళ్ళాల్సిందే.

మనవాళ్ళు తెలియక చేసే తప్పు ఇంకొకటుంది. పడవ మీదే చేపలు కోసి, తలలూ తోకలూ తీసేసి, పులుసు ముక్కలు చేసి ఐస్‌లో పెట్టేస్తారు, ఇంటికెళ్ళి వాసన పడలేక. ఇక్కడ చేప ఒడ్డుకి చేరేదాకా తల, తోక దాని ఒంటికే ఉండాలి. లేకపోతే సైజు కొలిచేదెలా? కోత కార్యక్రమం ఒడ్డుకి వచ్చాకే.

ఇంతకీ వార్డెన్ వస్తే కంగారు పడకండి. అతను పోలీసు అధికారాలున్న మనిషే. లైసెన్సు అడగొచ్చు, ఐస్‌బాక్సు తెరిచి చూడొచ్చు. చేపల్ని టవల్ కింద దాచడం, గాలం గబుక్కున మనవడి చేతికివ్వడం లాంటివి చేస్తే హెచ్చరికతో పోయేది జరిమానా దాకా వెళ్తుంది. మీకు పోయినవారం మంచివాడే తగిలాడు, ఆ మాట మీ నాన్నగారికి కూడా చెప్పండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవల వేట నిషేధం ఆయనకి తెలియనిది కాదు. అక్కడ రోజులు లెక్కపెట్టి చేపని కాపాడుకుంటున్నాం, ఇక్కడ అంగుళాలు లెక్కపెడతారు. పైగా ఈ దేశంలో గాలం కర్ర కొన్నా, రీలు కొన్నా అందులో ఫెడరల్ పన్ను ఉంటుంది. 1950 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు తిరిగి రాష్ట్రాలకి చేపల పెంపకానికే వెళ్తుంది. లైసెన్సు డబ్బుల్ని రాష్ట్రం వేరే ఖర్చుకి మళ్ళిస్తే ఆ నిధులు రావు. "నీ పన్నెండు డాలర్లతో చేపపిల్లల్ని వదులుతారు నాన్నా" అంటే ఆయన మెత్తబడతారని నా నమ్మకం.

ఇప్పుడు పడవలు. మీరు సేల్లో కొన్నది ఒఠ్ఠి గాలి పడవైతే, తెడ్డు వేసుకుంటూ పోతే, రిజిస్ట్రేషన్ గొడవ లేదు. దానికి ఆ బ్యాటరీ మోటారు తగిలించిన క్షణం నుంచి అది మోటారు బోటే. ఎంత చిన్నదైనా, పెట్రోలైనా, బ్యాటరీ అయినా టైటిలూ (పడవ మీదేనని చూపే కాగితం) రిజిస్ట్రేషనూ చేయించాలి. పదహారు అడుగుల లోపు పడవకి రిజిస్ట్రేషన్ రెండేళ్ళకి 32 డాలర్లు, టైటిల్ ఫీజు విడిగా. వాళ్ళిచ్చిన టీఎక్స్ నంబరు మూడు అంగుళాల ఎత్తు అక్షరాలతో ముందు భాగంలో రెండు వైపులా కనబడాలి. ఈ పనంతా జులై నాలుగులోపు అవుతుందో లేదో! ఈసారికి మోటారు ఇంట్లో పెట్టి తెడ్లు పట్టుకెళ్ళండి. అసలు టెక్సోమా లాంటి పెద్ద నీళ్ళలో, సెలవు రోజున, పెద్ద పెద్ద బోట్లు లేపే అలల మధ్య గాలి పడవలో పిల్లల్ని ఎక్కించడం నాకు ఇష్టం లేదు. దాన్ని ఇంటి దగ్గర చిన్న చెరువుకి ఉంచుకోండి.

పాంటూన్ నడిపేది ఎవరు? పదిహేను హార్స్‌పవర్ మించిన ఇంజనున్న బోటు నడపాలంటే, 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. మీ బావమరిది ఆ లెక్కలోకొస్తాడు. ఆన్‌లైన్‌లో కోర్సు చేసేయవచ్చు. టైము లేదంటే 10 డాలర్లు కట్టి పదిహేను రోజుల వెసులుబాటు తీసుకోవచ్చు, అదీ జన్మలో ఒక్కసారే. మీరు ఆ తేదీకి ముందు పుట్టినవారైతే స్టీరింగ్ మీ చేతికి తీసుకోండి, బావమరిది మొహం మాడ్చుకున్నా సరే. ఇంజను ఆపే తాడు ఒకటి ఉంటుంది, దాని కొస నడిపేవాడి ఒంటికి తగిలించుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఇరవై ఆరు అడుగుల లోపు బోట్లలో ఆ ఏర్పాటు ఉంటే, వేగంగా పోయేటప్పుడు వాడి తీరాలని 2019 సెప్టెంబర్ 1 నుంచి చట్టం. బోటులో బీరు ఉండటం తప్పు కాదు, తాగి నడిపితే మాత్రం కారుకి ఏ లెక్కో బోటుకీ అదే లెక్క, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం.

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం బేరాల్లేవు. ఇరవై ఆరు అడుగుల లోపు బోటు కదులుతున్నంత సేపూ పదమూడేళ్ళ లోపు పిల్లలు వేసుకునే ఉండాలి. ఇంజను ఆపి, గాలం వేసి, నీళ్ళ మీద తేలుతున్నా అది కదులుతున్న కిందే లెక్క. పన్నెండేళ్ళది "నేను పెద్దదాన్ని, ఈత వచ్చు" అంటుంది, వినకండి. పెద్దవాళ్ళకి తలకొకటి చొప్పున బోటులో ఉంటే చట్టానికి చాలు. నాకు చాలదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మీ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమ్మగారికీ నాన్నగారికీ కూడా వేయించండి. అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర జాకెట్లు అందరి సైజులకీ ఉండవు. ముఖ్యంగా ఏడేళ్ళవాడికి ముందే కొని, ఇంట్లో వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే అది వదులు.

తిరిగి వచ్చేటప్పుడు బోటులో, బకెట్లో, ఐస్‌బాక్సులో ఎక్కడా లేక్ నీళ్ళు మిగలకూడదు, అన్నీ అక్కడే పారబోయాలి. జీబ్రా మసెల్ అని గోరంత నత్తగుల్ల ఉంది. టెక్సస్‌లో అది మొదట బయటపడింది ఈ టెక్సోమాలోనే, 2009లో. దాని పిల్లలు కంటికి కనపడవు, బకెట్లో చెంబుడు నీళ్ళతో ఇంకో చెరువుకి చేరిపోయి గొట్టాలన్నీ పూడ్చేస్తాయి. 2014 నుంచి రాష్ట్రమంతా ఈ నీళ్ళు పారబోసే రూలుంది. ఇంటికెళ్ళాక పడవా, బకెట్లూ ఎండలో ఆరబెట్టండి, మన టెక్సస్ ఎండకి ఆ పని చిటికెలో అవుతుంది.

ఆఖరుకి, ఆ విసురు వల. టెక్సస్‌లో విసురు వల నిషిద్ధం కాదు, కానీ దాంతో గేమ్ ఫిష్ అని పేరున్నవేవీ పట్టకూడదు. బాస్, స్ట్రైపర్, క్రాపీ, ఛానెల్, బ్లూ క్యాట్‌ఫిష్ అన్నీ ఆ పేరున్నవే. అవి గాలానికే పడాలి. వలలో పడితే వెంటనే వదిలేయాలి. వల విప్పితే గుండ్రం అడ్డకొలత పద్నాలుగు అడుగులు దాటకూడదు. అంటే నడినెత్తి నుంచి అంచు దాకా ఏడడుగులు, మన లెక్కలో ఐదు మూరలు కూడా రాదు. మీ నాన్నగారిది ఏడు మూరల వలన్నారు. అది విసిరితే అడ్డకొలత ఇరవై ఒక్క అడుగులు. దాన్ని మళ్ళీ సూట్‌కేసులో పెట్టేయండి.

కానీ చిన్న వల ఒకటి కొనివ్వండి, ఐదడుగులది చాలు. స్ట్రైపర్‌కి అన్నిటికన్నా ఇష్టమైన ఎర షాడ్ అనే వెండి చేప, పులసకి దూరపు చుట్టం. అది గేమ్ ఫిష్ కాదు కాబట్టి వలతో పట్టుకోవచ్చు. వల విసిరినా వేటే కనుక ఆ పన్నెండు డాలర్ల లైసెన్సు జేబులో ఉండాలి, టెక్సస్ వైపే విసరాలి. పట్టిన ఎర అక్కడే వాడేయాలి, మిగిలిన బతికున్నవి ఇంటికి తేకూడదు. తెల్లవారుజామున షాడ్ గుంపులు ఒడ్డు దగ్గరికి వచ్చి నీటి మీద వానచినుకులు పడ్డట్టు చిటపటలాడుతుంటాయి. ఇక్కడి కుర్రాళ్ళు వల అంచుని పళ్ళతో పట్టుకుని, యూట్యూబ్‌లో చూసినట్టు విసిరి, అరటికాయలా ముద్దగా పడేస్తుంటారు. మీ నాన్నగారిని వాళ్ళ పక్కన నిలబెట్టండి. ఆయన చేతిలో వల గొడుగులా విప్పుకున్నాక, "ఒన్స్ మోర్ సర్" అనేవాళ్ళకి మీరు అర్థం చెప్పక్కర్లేదు.